బడి నుంచి వచ్చే నెలవారీ పేపర్‌లో తొమ్మిది పనులు: ఇంట్లో నిజంగా ఏవి చేయాలి?

ఇద్దరు పిల్లల అమ్మ · సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్తే. మా పాప మూడో తరగతి, బాబు ఒకటో తరగతి. ప్రతి నెలా మొదటి వారంలో బడి నుంచి ఒక పేపర్ వస్తుంది. ఒక పక్క బడి కబుర్లు ఉంటాయి: ఏ తరగతిలో ఏ పాఠం నడుస్తోంది, పఠన వారం ఎప్పుడు, పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడు, ఇలాంటివి. రెండో పక్క "ఇంట్లో మీరు చేయగలిగినవి" అని ఒక జాబితా. ఈసారి అందులో తొమ్మిది పనులున్నాయి. రోజూ కథ చదివించాలి, ఎక్కాలు అప్పజెప్పించుకోవాలి, కొత్త మాటలు రాయించాలి, ఇంట్లో వస్తువులు కొలిపించాలి, డైరీ రాయించాలి... ఇలా.

నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. మొదటి వారం తొమ్మిదీ చేయిద్దామని పట్టుబట్టాను. మూడో రోజుకే ఇద్దరూ ఏడుపు, నాకు టెన్షన్. నిన్న పాప బ్యాగ్ సర్దుతుంటే అడుగున, పుస్తకాల కింద, నాలుగు మడతలు పెట్టిన ఆ పేపర్ దొరికింది. ఫ్రిజ్ మీద నేను అంటించిందే. నాకు కనబడకుండా దాచేసింది. చాలా బాధేసింది.

ఈ తొమ్మిదిట్లో నిజంగా పనికొచ్చేవి ఏవో, వదిలేసినా నష్టం లేనివి ఏవో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ప్రైమరీ టీచర్ · సోమవారం, రాత్రి 10:20

అమ్మా, ముందుగా ఒక మాట. మా బడిలో అలాంటి పేపర్ తయారు చేసేవాళ్లలో నేనూ ఉన్నాను. తొమ్మిది పనులు రాసేది ఒకే ఇంట్లో తొమ్మిదీ చేస్తారని కాదు. ఒకరికి పొద్దున తీరిక, ఒకరికి ఆదివారమే తీరిక. ఒకరి ఇంట్లో పుస్తకాలుంటాయి, ఒకరి ఇంట్లో ఉండవు. ఎవరికి వీలైనది వాళ్లు తీసుకుంటారని అన్నీ రాస్తాం. ఆ సంగతి పేపర్ మీద స్పష్టంగా రాయకపోవడం మా తప్పే. మీ పోస్ట్ చదివాక వచ్చే నెల నుంచి ఆ వాక్యం చేర్చాలనుకుంటున్నాను.

నన్నడిగితే జాబితా కన్నా మొదటి పక్కే మీకు ఎక్కువ ఉపయోగం. క్లాసులో ఇప్పుడు ఏం నడుస్తోందో తెలిస్తే పిల్లలతో మాట్లాడే తీరే మారిపోతుంది. "ఈ రోజు ఏం చెప్పారు?" అని అడిగితే "ఏం లేదు" అంటారు. అదే పేపర్‌లో "మూడో తరగతి: అప్పు తెచ్చుకునే తీసివేతలు" అని ఉందనుకోండి. "52 లోంచి 27 తీసేయాలి. పైన 2 ఉంది, కింద 7 ఉంది. మరి మీరు ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు 35 అంటారు. పైనున్నదా కిందున్నదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారు. అలా అన్నా తిట్టకండి. "27 కి 35 కలిపితే ఎంతవుతుందో చూద్దామా?" అనండి చాలు. 62 వచ్చేసరికి ఎక్కడో తేడా ఉందని తనకే తెలుస్తుంది.

ఇలా అడగడం వెనక ఇంకో లాభం ఉంది. చదివినదాన్నే మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని చెప్పడం వల్ల ఎక్కువకాలం నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇందుకు బాగా పేరుపొందింది. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. చిన్నపిల్లలతో నా క్లాసులోనూ నాకు కనబడేది అదే.

నైట్‌షిఫ్ట్ నాన్న · సోమవారం, రాత్రి 11:05

టీచర్ గారూ, నాదో సందేహం. సాయంత్రం నేను బయల్దేరే వేళకి బాబు ఆటలో ఉంటాడు. పొద్దున డ్యూటీ దిగి వచ్చి వాణ్ణి బడికి నడిపించుకెళ్తాను. ఆ పదిహేను ఇరవై నిమిషాలే మా ఇద్దరికీ దొరికేది. పుస్తకం పట్టుకునే వీలు లేదు. దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా?

ప్రైమరీ టీచర్ · సోమవారం, రాత్రి 11:18

చాలా ఉంటుందండీ. నిన్నటి పాఠం గురించి ఒక్క ప్రశ్న అడగండి, దారి పొడుగునా వాణ్ణే మాట్లాడనివ్వండి. నిన్న నేర్చుకున్నది ఒక రాత్రి నిద్రపోయాక గుర్తు తెచ్చుకోవడమంటే మంచి సాధన. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మనం నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే, మొదటి రోజులోనే జారిపోతుందని, మధ్యలో విరామమిస్తూ మళ్లీ తలుచుకుంటే నిలుస్తుందని తేల్చాడు. మీ పొద్దుటి నడక అలాంటి విరామం తర్వాతే వస్తోంది.

ముగ్గురి తల్లి · మంగళవారం, ఉదయం 6:40

మా పెద్దాడి విషయంలో నేనూ ఈ అమ్మగారిలాగే చేశాను. పేపర్‌లో ఉన్నవన్నీ టిక్కులు పెట్టుకుంటూ చేయించాను. ఏడాది తిరిగేసరికి వాడికి పుస్తకం అంటే నేను అరిచే టైమ్ అని గుర్తుండిపోయింది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే పెట్టుకున్నాను: రాత్రి పడుకునే ముందు ఇద్దరం కలిసి చదవడం. అది ఇప్పుడు తనంతట తనే పుస్తకం తెచ్చుకుంటోంది. పెద్దాడికి ఆ నష్టం పూడ్చడానికి మాత్రం ఇంకా తంటాలు పడుతున్నాను. మీ పాప పేపర్ దాచిన దగ్గరే మీరు గమనించారు, నాకది చాలా ఆలస్యంగా అర్థమైంది.

గ్రంథాలయం అత్తయ్య · మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను పిల్లల లైబ్రరీలో పనిచేస్తాను. తొమ్మిదిట్లో ఒక్కటే ఉంచుకోమంటే కళ్లు మూసుకుని చదవడమే ఉంచుకోమంటాను. ఎలా చదివించాలన్న దగ్గరే చాలామంది ఇబ్బంది పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పిల్ల ఒక్కతే చదువుతుంటే మనం పక్కన కూర్చుని ప్రతి తప్పూ దిద్దుతుంటే అది పరీక్షలా ఉంటుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని వాక్యం చివరికి చేరేసరికి మొదట ఏం చదివిందో మర్చిపోతుంది. ఇక అర్థం ఎక్కడిది? దీనికి "పెయిర్డ్ రీడింగ్" అనే పద్ధతి ఉంది. కీత్ టాపింగ్ అనే ఆయన దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. చేసేది చాలా తేలిక. పుస్తకం పిల్లే ఎంచుకోవాలి. ఇద్దరూ ఒకేసారి, పిల్ల వేగంతో గొంతు కలిపి చదవాలి. తనకు ధైర్యం వచ్చినప్పుడు మీ చేతి మీద తడుతుంది. అప్పుడు మీరు ఆగిపోవాలి, తను ఒక్కతే చదువుతుంది. ఎక్కడైనా ఆగినా, తప్పు చదివినా నాలుగైదు సెకన్లు ఊరుకోండి. సరిదిద్దుకుంటే సరే. లేకపోతే ఆ మాట మీరు చెప్పి, తనచేత ఒకసారి అనిపించి, మళ్లీ ఇద్దరూ కలిసి ముందుకు సాగండి. "విడమరిచి చదువు, మొన్న చెప్పాను కదా" లాంటివి వద్దు.

ఆ నాలుగైదు సెకన్లు ఊరుకోవడమే పెద్దవాళ్లకు అన్నిటికన్నా కష్టం. మా లైబ్రరీకి వచ్చే తల్లిదండ్రుల్ని చూస్తుంటాను, సగం సెకను కూడా ఆగరు. ప్రేమతోనే చెప్పేస్తారు. కానీ పిల్ల మెదడు ఆ మాటను వెతుక్కుంటున్న క్షణంలో మనం అడ్డొస్తున్నాం.

పుస్తకం కష్టమా కాదా అన్న అనుమానం వస్తే ఒక పేజీ తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ పూర్తయ్యేలోపే ఐదు వేళ్లూ మడిస్తే ఒంటరిగా చదవడానికి అది కష్టమైన పుస్తకం. మీరు చదివి వినిపించడానికి మాత్రం బాగుంటుంది. చదవడం వచ్చాక చదివి వినిపించడం మానేయకండి. మూడో తరగతి పిల్ల వింటే అర్థం చేసుకోగలిగే కథలు తను సొంతంగా చదవగలిగే వాటికన్నా చాలా పెద్దవి.

ఇద్దరు పిల్లల అమ్మ · మంగళవారం, రాత్రి 9:30

అత్తయ్యా, ఇవాళ ప్రయత్నించాను. చేతి మీద తట్టడం పాపకి బాగా నచ్చింది. పది నిమిషాల్లో ఏడుసార్లు తట్టింది. ఊరుకోవడం మాత్రం మీరన్నట్టే నాకు కష్టమైంది, రెండుసార్లు నోరు జారాను.

ఎక్కాల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. అప్పజెప్పించుకోవాలా వద్దా?

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · బుధవారం, ఉదయం 8:10

అప్పజెప్పించుకోవాలమ్మా. ఇప్పుడు చాలామంది బట్టీ అనగానే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఎక్కాలు నోటికి రానివాడు భాగహారం దగ్గర, భిన్నాల దగ్గర చతికిలపడతాడు. ప్రతి అడుగులోనూ వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అసలు లెక్క మీద దృష్టి ఎలా నిలుస్తుంది?

ముగ్గురి తల్లి · బుధవారం, ఉదయం 8:45

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒకటి చెప్తాను. మా పెద్దాడు ఏడో ఎక్కం పాటలా గడగడా అప్పజెప్పేవాడు. "ఏడు ఎనిమిదులు ఎంత?" అని మధ్యలోంచి అడిగితే ఏడు ఒకట్ల దగ్గర మొదలుపెట్టి ఎక్కం అంతా చదువుకుంటూ రావాలి. ఎనిమిది వరుసల్లో ఏడేసి కుర్చీలుంటే మొత్తం ఎన్ని అంటే కూడాలా, గుణించాలా అని నన్నే అడిగాడు. అలా నోటికి వచ్చి ఏం లాభం?

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · బుధవారం, ఉదయం 10:30

మీరన్నది నిజమేనమ్మా. వరసగా అప్పజెప్పించడంతో ఆపేస్తే అలాగే అవుతుంది. నేను చెప్పదలుచుకున్నది పూర్తిగా చెప్పలేదు.

ముందు గుణకారం అంటే ఏమిటో చేత్తో తెలియాలి. గుండీలో, గింజలో వరుసలుగా పేర్పించండి. మూడు వరుసల్లో నాలుగేసి పెట్టి, ఆ అట్టను పక్కకు తిప్పితే నాలుగు వరుసల్లో మూడేసి కనిపిస్తాయి. మొత్తం 12 మారలేదు. పిల్ల దీన్ని కళ్లారా చూస్తే సగం భారం దిగిపోతుంది. ఎలాగో చెప్తాను. ఒకటి నుంచి పది ఎక్కాల్లో 100 లెక్కలున్నాయి కదా. తిప్పినా అంతే అని తెలిస్తే అవి 55 అవుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం ఎవరికైనా వస్తాయి, అవి తీసేస్తే 36. రెండో ఎక్కం రెట్టింపు, ఐదో ఎక్కం చివర ఐదో సున్నానో. అవీ పోతే 21. తొమ్మిదో ఎక్కానికి ఒక చిట్కా ఉంది: పదుల స్థానంలో ఒకటి తక్కువ రాసి, రెండు అంకెలూ కలిపితే తొమ్మిది వచ్చేలా చూసుకోవాలి. తొమ్మిది ఏడులు అంటే 6, పక్కన 3. అదీ తీసేస్తే మిగిలేవి 15.

వంద నేర్చుకోవాలన్న బెదురుతో వచ్చిన పిల్లకి పదిహేనే మిగిలాయని చూపించి చూడండి. ఆ పదిహేను చీటీల మీద రాసి, రోజుకి మూడు చొప్పున, వరస మార్చి అడగండి. మూడు నిమిషాలు చాలు. గడియారం పెట్టి తొందరపెట్టకండి.

ముగ్గురి తల్లి · బుధవారం, మధ్యాహ్నం 12:05

పదిహేనేనా! ఇది పెద్దాడికి ఇవాళే చూపిస్తాను. ధన్యవాదాలు మాస్టారూ.

బడి భాష రాని అమ్మ · బుధవారం, రాత్రి 8:50

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మా పాప చదివే బడి భాష నాకు రాదు. ఆ పేపర్ కూడా ఆ భాషలోనే వస్తుంది, పక్కింటి అమ్మాయి చేత చదివించుకుంటాను. మీరందరూ కలిసి చదవమంటున్నారు. నేను చదవలేను. తప్పుగా నేర్పుతానేమోనని పాపతో చదువు గురించి మాట్లాడటమే మానేశాను. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ప్రైమరీ టీచర్ · బుధవారం, రాత్రి 9:15

రాసినందుకు చాలా సంతోషం అమ్మా. ఇలాంటి ఇబ్బంది చాలా ఇళ్లల్లో ఉంది, ఎవరూ బయటికి చెప్పరు.

దయచేసి మాట్లాడటం మానకండి. మీకు బాగా వచ్చిన భాషలో, మీ మాటల్లో, నిండుగా మాట్లాడండి. "ఎక్కువ-తక్కువ", "ముందు-వెనక", "ఎందుకంటే", "ఒకవేళ" లాంటి ఆలోచనలు ఒక భాషలో గట్టిపడితే రెండో భాషలో పిల్ల నేర్చుకోవాల్సింది పేరు మాత్రమే. నీళ్లు ఎందుకు ఆవిరవుతాయో ఇంటి భాషలో అర్థమైన పిల్లకు బడిలో ఆ పాఠం కొత్తగా ఉండదు. తల్లిభాషలో చదువు మొదలవడం మంచిదని యునెస్కో 1953లోనే ఒక నివేదికలో చెప్పింది. బడి భాషను మీరు మార్చలేకపోవచ్చు, ఇంట్లో మాట మీ చేతిలోనే ఉంది.

చదవడానికి ఇలా చేయండి. పాపని బడి పుస్తకం చదవమనండి, తర్వాత ఆ కథ మీకు మీ భాషలో చెప్పమనండి. మీకు నిజంగా తెలియదు కాబట్టి మీరు అడిగే ప్రశ్నలు నిజమైన ప్రశ్నలే. అర్థం కాకుండా చదివితే తను చెప్పలేదు, మళ్లీ పుస్తకం చూస్తుంది. ఇంతకన్నా మంచి సాధన నేనూ క్లాసులో చేయించలేను. ఇంకొకటి, ఆ పేపర్ మీకు చదవగలిగే భాషలో ఇవ్వమనో, కనీసం ఎవరైనా నోటితో చెప్పే ఏర్పాటు చేయమనో బడిని అడగండి. అడిగితే తప్పుగా అనుకుంటారని సంకోచించకండి.

దిగులుపడే నాన్న · గురువారం, రాత్రి 10:40

మా బాబు రెండో తరగతి చివరికి వచ్చాడు. ఇప్పటికీ కొన్ని అక్షరాలు తిప్పి రాస్తాడు. చిన్న వాక్యం చదవడానికి చెమటలు పడతాయి. నోటితో మాత్రం అన్నీ చక్కగా చెప్తాడు. ఇంట్లో రోజూ గంట కూర్చోబెడుతున్నాను. "శ్రద్ధ లేదు" అని అందరూ అంటున్నారు, నేనూ అదే అని కొట్టాను కూడా. తర్వాత నిద్ర పట్టలేదు. పెద్దయితే సర్దుకుంటుందా?

ప్రైమరీ టీచర్ · గురువారం, రాత్రి 11:10

నాన్నగారూ, మొదట చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బోర్డు సరిగా కనబడని పిల్లలు, కొన్ని శబ్దాలు సరిగా వినబడని పిల్లలు ఆ సంగతి చెప్పరు, ఎందుకంటే అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు.

ఐదారేళ్ల వయసులో అక్షరాలు తిప్పి రాయడం మామూలే. రెండో తరగతి అయిపోతున్నా అది తగ్గక, పైగా చదవడానికి ఇంత కష్టపడుతుంటే మాత్రం ఊరుకోవద్దు. మాటల్లో చురుగ్గా ఉండి చదవడం దగ్గరే ఆగిపోవడం డిస్లెక్సియా అనే చదివే ఇబ్బందిలో తరచూ కనిపిస్తుంది. అదేనని నేను ఇక్కడి నుంచి చెప్పలేను, నిపుణులు పరీక్షించాలి. బడిని రాతపూర్వకంగా అడగండి. డిస్లెక్సియాకీ తెలివికీ సంబంధం లేదు, శ్రద్ధకీ సంబంధం లేదు. శబ్దాన్ని, అక్షరాన్ని జతచేయడం విడిగా, ఒక పద్ధతిలో నేర్పిస్తే పిల్లలు చదవగలుగుతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఆ గంట రేపటి నుంచి ఆపేయండి. మీరు చదవండి, వాడు వింటాడు. కథల మీద ఇష్టం చావకుండా ఉంటే మిగతాది నేర్పడానికి మాకు దారి ఉంటుంది.

నైట్‌షిఫ్ట్ నాన్న · శుక్రవారం, మధ్యాహ్నం 2:20

అన్నా, నిద్ర పట్టలేదని రాశావు చూడు, అక్కడే నీ మనసు తెలుస్తోంది. పరీక్ష చేయించాక ఏమైందో ఇక్కడ రాయి. ఎదురుచూస్తుంటాం.

గ్రంథాలయం అత్తయ్య · శుక్రవారం, సాయంత్రం 5:00

నాన్నగారూ, వినే పుస్తకాలు కూడా చదువు కిందే లెక్క. మీ దగ్గర్లోని లైబ్రరీలో అడగండి.

ఇద్దరు పిల్లల అమ్మ · శనివారం, ఉదయం 11:30

నాకు ఇంకో రెండు సందేహాలు. ఒకటో తరగతి బాబుకి హోంవర్క్ పెద్దగా ఇవ్వట్లేదు. పక్క బడిలో రోజూ నాలుగు పేజీలు ఇస్తారట. మావాడు వెనకబడిపోతాడా? రెండోది, చదువు అయ్యేసరికి వాడు తొమ్మిదిన్నర దాటాక పడుకుంటున్నాడు.

ప్రైమరీ టీచర్ · శనివారం, మధ్యాహ్నం 12:10

వెనకబడడు. హోంవర్క్ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి హారిస్ కూపర్ బృందం 2006లో ఒక సమీక్ష రాసింది. పెద్ద తరగతుల్లో హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం బాగానే కనబడింది, చిన్న తరగతుల్లో చాలా తక్కువ. తరగతికి పది నిమిషాల చొప్పున అనే లెక్క చాలాచోట్ల వాడుకలో ఉంది: ఒకటో తరగతికి పది, మూడో తరగతికి ముప్ఫై. దాన్ని దాటితే టీచర్‌కి చెప్పండి.

నిద్ర విషయంలో రాజీ పడకండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సూచన. పొద్దున ఆరుకి లేచే పిల్లాడు తొమ్మిదిలోపే పడుకోవాలి. పని మిగిలిపోతే మిగిలిపోనివ్వండి, డైరీలో ఒక ముక్క రాసి పంపండి. రోజూ గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · శనివారం, సాయంత్రం 6:30

ఒకటో తరగతి వాడికి నాలుగు పేజీల బదులు ఒక ఆట చెప్తాను. కాగితం మీద ఒకే వరసలో పది గళ్లు గీసి 1 నుంచి 10 వరకు అంకెలు వేయండి. ఒకటి, రెండు రాసిన చీటీలు తీస్తూ కాయ జరపాలి. మూడో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అనకూడదు, "నాలుగు, ఐదు" అనాలి. రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో బడిలో చేరకముందు పిల్లలతో ఇలాంటి ఆటే ఆడించి చూశారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, విడతకి పావుగంట. ఏ సంఖ్య పెద్దదో పోల్చడం, గీత మీద సంఖ్య ఎక్కడుంటుందో చెప్పడం మెరుగుపడ్డాయి. అంకెల బదులు రంగులున్న గళ్లతో ఆడిన పిల్లల్లో ఆ తేడా రాలేదు. మీవాడికి పది బాగా వచ్చేస్తే 11 నుంచి 20 దాకా గీయండి.

ముగ్గురి తల్లి · ఆదివారం, ఉదయం 7:15

ఒక మాట చేర్చనా? ఆటలో గెలిచినప్పుడు "నువ్వు చాలా తెలివైనవాడివి" అనడం నేను తగ్గించాను. మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు 1998లో ప్రచురించిన ప్రయోగాల గురించి చదివాక. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత తేలిక లెక్కలే ఎంచుకున్నారట, కష్టమైనవి వచ్చి తప్పాక త్వరగా వదిలేశారట. కష్టపడటాన్ని మెచ్చుకున్న పిల్లలు మళ్లీ ప్రయత్నించారు. ఇప్పుడు నేను "రెండోసారి వేరేలా చేశావు, అది చూశాను" అంటున్నాను. మొదట్లో నాకే ఎబ్బెట్టుగా అనిపించింది, ఇప్పుడు అలవాటైంది.

దిగులుపడే నాన్న · తర్వాతి వారం, బుధవారం, రాత్రి 9:00

కళ్ల పరీక్ష అయింది, చూపు బాగానే ఉంది. వినికిడి పరీక్ష శుక్రవారం. బడికి ఉత్తరం రాసి ఇచ్చాను. వాళ్లు ఒక నిపుణురాలికి చూపిస్తామన్నారు. గంట ఆపేశాను. రోజూ నేనే చదువుతున్నాను. నిన్న కథ మధ్యలో ఆపితే "తర్వాత?" అన్నాడు. వాడికి సారీ కూడా చెప్పాను.

ఇద్దరు పిల్లల అమ్మ · మూడు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 9:20

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్నవి మూడే. అన్నం తినేటప్పుడు క్లాసు పాఠం మీద ఒక ప్రశ్న, పాపకి మూడు చీటీలు, పడుకునే ముందు కలిసి చదవడం. బాబుది గళ్ల ఆట, అదీ వాడు అడిగిన రోజునే. డైరీ రాయించడం, కొత్త మాటల జాబితా వదిలేశాను. రెండు రోజులు ఏమీ చేయలేదు, నాకు జ్వరం. ఏం కాలేదు.

పదిహేను చీటీల్లో పాపకి పదకొండు వచ్చేశాయి. ఆరు ఏడులు, ఏడు ఎనిమిదులు దగ్గర ఇంకా తడబడుతోంది.

ఇవాళ కొత్త నెల పేపర్ వచ్చింది. ఈసారి బ్యాగ్‌లోంచి తనే తీసి ఇచ్చింది. మొదటి పక్క చదివి, "భిన్నాలు మొదలవుతాయట" అంది. గురువారం పేరెంట్స్ మీటింగ్. టీచర్‌ని ఏం అడగమంటావు అంటే పెన్సిల్‌తో ఒక చీటీ రాసిచ్చింది: "నాలుగు మూడు కన్నా పెద్దది కదా, మరి నాలుగో వంతు మూడో వంతు కన్నా చిన్నది ఎందుకు?" ఇది మీటింగ్‌లో అడగొచ్చా టీచర్ గారూ? లేక నేనే చెప్పేయాలా?

ప్రైమరీ టీచర్ · సోమవారం, రాత్రి 9:41

మీరు చెప్పకండి, అడగండి. వీలైతే పాపని కూడా తీసుకెళ్లండి. ఈలోగా ఒకే కొలతవి రెండు కాగితాలు తనకిచ్చి, ఒకటి మూడు సమాన భాగాలుగా, ఇంకొకటి నాలుగుగా మడవమనండి. మూడుగా మడవడం కాస్త కష్టం, తననే తిప్పలు పడనివ్వండి.